బాలస్వామి రేడియం మిషన్‌కు బొట్టు

తాండూరులో నాపరాయి పాలిష్ పట్టీ పట్టీ మా పక్కింటి బాలస్వామి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. అందుకని ఇంట్లోని కంప్యూటర్‌కు ఒక పాత కటింగ్ మిషన్ తగిలించి, బండ్లకు అంటించే రేడియం స్టిక్కర్లు కోయడం మొదలుపెట్టాడు. దగ్గు తగ్గి మనిషి తేరుకున్నాడు. అతని భార్య ఇందిరమ్మకే మిషన్ మీద నమ్మకం కుదరలేదు. ఇది నడవకపోతే మళ్లీ ఆ దుమ్ములోకే పోతాడని ఆమె భయం.

దసరా పొద్దున ఆయుధపూజకు ఇందిరమ్మ వైర్లన్నీ పీకి, మిషన్నూ కంప్యూటర్‌నూ తుడిచి, పసుపు కుంకుమలు పెట్టింది. తర్వాత ఏ వైరు ఎక్కడ పడితే అక్కడ గుచ్చేసింది. మధ్యాహ్నం నేను గారెలు ఇద్దామని పోయేసరికి బషీరాబాద్ నుంచి ఈరయ్య కొత్త ఆటోతో వచ్చి ఉన్నాడు. అద్దం మీద కూతురు మనీషా పేరు కావాలి. మిషన్ కదిలితేనా!

కంగారులో బాలస్వామి మిషన్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ నెట్‌లో దొరికింది ఇంకొకటి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. స్క్రీన్ మీద మిషన్ పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు వెలిసింది.

“నేను గంత పసుపు పెట్టలే గదా!” అంది ఇందిరమ్మ ఏడుపు గొంతుతో. నవ్వొచ్చినా ఆపుకున్నాను.

“అన్నా, బజార్ల ఇంకో దుకాణం ఉన్నదంట. పోవాల్నా?” అన్నాడు ఈరయ్య.

“జర ఆగు తమ్మీ. ఒక్క ఒరల రెండు కత్తులు పెట్టిన. తప్పు నాదే.”

బాలస్వామి మిషన్ వైరు పీకాడు. పాత డ్రైవర్‌నూ కొత్తదాన్నీ రెండింటినీ తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. మిషన్‌తో వచ్చిన సీడీలోని డ్రైవర్ ఒక్కటే ఎక్కించాడు. అప్పుడు వైరును కంప్యూటర్ వెనక వైపు, మునుపున్న రంధ్రంలోనే పెట్టాడు.

మిషన్ గుర్రుమంది. బ్లేడు ‘మ’ కోసింది, తర్వాత ‘నీ’. ఈరయ్య ఆ పేరును అద్దానికి అంటించి, పక్కకు జరిగి చాలాసేపు చూసుకున్నాడు.

ఇందిరమ్మ కుంకుమ తెచ్చి ఆ రంధ్రం పక్కన బొట్టు పెట్టింది.

“వచ్చే దసరాకు గీ బొట్టు చూసే వైరు పెడ్త,” అంది.

వచ్చే దసరాకూ మిషన్ ఉంటుందని ఆమె అనడం అదే మొదటిసారి. నాకు కళ్లు చెమర్చాయి.