హాసిల్ చెప్పని తొంభైతొమ్మిదులు

నిన్న సాయంత్రం మా మేడ కింద పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. కళ్ళు మూసుకున్న పిల్ల పది, ఇరవై, ముప్పై అంటూ వంద వైపు పరుగెత్తుతుంటే నాకు నవ్వాగలేదు. పదులట! పదులు కూడా ఒక లెక్కేనా? మీరూ నా ఈడువాళ్ళే గనుక చెబుతున్నాను, సికిందరాబాదు మొత్తానికి తొంభైతొమ్మిదేసి చొప్పున దూకుతూ లెక్కపెట్టిన వీరవనితను నేనే. కాదన్నవాళ్ళు వచ్చి తలపడవచ్చు, మోకాళ్ళ నొప్పులున్నా సిద్ధమే.

అది పోలీసు చర్య జరిగిన ఏడు. మా ఇల్లు మెట్టుగూడలో, బడి మారేడ్‌పల్లిలో. బాపు రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. మా లెక్కల మాస్టరు సాబ్ మీసాలు ఎంతటివంటే, ఒక్కోవైపు ఒక్కో పిచ్చుకల జంట కాపురం పెట్టినా ఇంకా చోటు మిగిలేది. మేము నోటితో కూడిక చేస్తూ, ఒక స్థానంలో పది దాటి ఒకటిని పక్కకు మోసుకుపోయినప్పుడల్లా, "హాసిల్ ఏక్" అని వీధి చివరికి వినబడేలా అరిచి వేలు ముడవాలి. హాసిల్ లేని కూడిక ఆయనకు ఉప్పు లేని పప్పు. అందుకే హాసిల్ అడుగడుగునా తగిలే తొంభైతొమ్మిదిని ఏరికోరి, దాన్నే కలుపుతూ కలుపుతూ పోవడం నేర్చుకు రమ్మన్నారు. ఇంతలో గొడవలు ముదిరి బడి మూతపడింది.

ఊరంతా తలుపులు బిగించుకుంది. పెద్దవాళ్ళు గుసగుసలు తప్ప మాటలు మరిచిపోయారు. తిరుమలగిరి వైపు మిలిటరీ లారీలు పోతుంటే మా గూట్లో గిన్నెలు వాటంతట అవే నాట్యం చేసేవి. ఏమీ తోచక నేను వంటింటి గోడ మీద బొగ్గుతో తొంభైతొమ్మిదులు ఒకదానికింద ఒకటి రాయసాగాను: 99, 198, 297, 396. పై నుంచి కిందికి చూస్తే ఏముంది! నడుమ తొమ్మిది స్తంభంలా కదలదు, ఎడమ అంకె ఒక్కో మెట్టు ఎక్కుతుంది, కుడి అంకె ఒక్కో మెట్టు దిగుతుంది. ఇక హాసిల్‌తో పనేమిటి? 990 దగ్గరికి వచ్చేసరికి అమ్మ చూసి, గోడతో పాటు నన్నూ ఉతికింది.

బడి తెరిచారు గాని బాపుకు బెరుకు తీరలేదు. "రోజులు బాగలేవు, ఆడపిల్లను గంత దూరం పంపుడేంది? పై క్లాసుకు పాసైతే చూద్దాం, లేకుంటే ఇంట్లనే ఉంటది" అన్నాడు. పరీక్షనాడు, నేను తప్పగానే తీసుకుపోదామని, తానే వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

మాస్టరు సాబ్ తొంభైతొమ్మిదులు చెప్పమన్నారు. నేను గడగడా మొదలుపెట్టాను.

"హాసిల్ ఏది పోరీ?"

"అక్కర లేదు సాబ్."

ఆ మాటకు ఊళ్ళో గడియారపు స్తంభం మీది ముల్లు కూడా ఆగే ఉంటుంది. ఆ ఒక్క మాట అంటే పోయేది. నోరు తిరగని మాటా కాదు. కానీ మోయని బరువును మోస్తున్నట్టు నేనెందుకు అరవాలి?

"అను!"

"అనను."

సరే, తొమ్మిదివందల తొంభై తర్వాత చెప్పమన్నారు మాస్టరు సాబ్, మీసం దువ్వుతూ. నా గోడ అక్కడితో ఆఖరు. నా నడిమి స్తంభం అక్కడినుంచి ఉంటుందో కూలుతుందో తెలియదు. బాపు అప్పుడే చెప్పుల్లో కాళ్ళు దూరుస్తున్నాడు. స్తంభాన్ని వదిలేసి వందలను, మిగిలినదాన్ని విడివిడిగా చూశాను. తొమ్మిది వందలు పది వందలవుతాయి, తొంభై ఎనభైతొమ్మిదవుతుంది. అంతే! పదివందల ఎనభైతొమ్మిది, పదకొండువందల ఎనభైఎనిమిది, పన్నెండువందల ఎనభైఏడు... బోర్డు మీద సరిచూస్తూ, హాసిళ్ళు మోస్తూ, మాస్టరు సాబ్ నా వెనక రెండు మజిలీల దూరంలో చెమటలు కక్కుతున్నారు.

చివరికి సుద్దముక్క పెట్టేసి తీర్పు చెప్పారు. "లెక్క సహీ. తరీకా గలత్. ఫెయిల్." లెక్క ఒప్పేనట, పద్ధతే తప్పట!

బాపు చెప్పులు మళ్ళీ విడిచాడు. "ఒక్కటన్న తప్పు చెప్పిందా సాబ్?"

"లేదు. మొండి పోరి, హాసిల్ అంటలేదు."

"మొండిదే. నాకు తెల్వదా? తప్పు లేకుంటే ఫెయిల్ ఎట్ల చేస్తరు? పాస్ అనేదాక నేను గిక్కడికెల్లి కదల."

అని గడపకు అడ్డంగా కూర్చున్నాడు. నన్ను బడి మాన్పిద్దామని వచ్చిన మనిషి! భోజనాల గంట కొట్టారు. ఎవరూ బయటికి పోలేరు. ఆకలికి పిల్లల కడుపులు మిలిటరీ లారీల్లా గర్జించాయి. మాస్టరు సాబ్ మీసాలు మెల్లగా కిందికి జారాయి, నేను పాసయ్యాను.

దారంతా బాపు తిడుతూనే ఉన్నాడు. "హాసిల్ అంటే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా?" మర్నాడు మాత్రం, డ్యూటీకి ఆలస్యమైనా, నన్ను బడి దాకా తానే నడిపించుకు వెళ్ళాడు.

ఇప్పుడు తల్లిదండ్రులు పిల్లలకు ట్యూషన్లు పెట్టిస్తారు, రిక్షాలు మాట్లాడతారు, బడి నుంచి కబురు రాగానే బిడ్డ చెప్పేది వినకముందే తల వంచుకుని క్షమాపణలు చెప్పుకుని వస్తారు. పని మానుకుని వచ్చి, పరాయి గడపలో అడ్డంగా కూర్చునే బాపులు నాకు కనిపించడం లేదు. మా బాపూ లేడు. ఆయన నాకిచ్చిన ఆస్తి ఆ మొండితనమొక్కటే. ఎవరైనా తీసుకుంటే సంతోషంగా పంచిపెడదామని చూస్తున్నాను, అడిగేవాళ్ళే లేరు.