కొత్త పిస్టన్

మొన్న ఆదివారం పొద్దున పప్పు కడుగుతుంటే వంటింటి కిటికీలోంచి నీలిరంగు పొగ లోపలికి వచ్చింది. పెట్రోలులో కలిపిన నూనె కాలిన వాసన. నిజానికి పొగకంటే ముందు చప్పుడు రావాలి. కానీ ఈ వయసులో నా చెవులు ముక్కుకంటే ఆలస్యంగా నిద్రలేస్తాయి. తొంగిచూస్తే మా ఆయన వాకిట్లో తన పాత టూ-స్ట్రోక్ బండిని కిక్కు కొట్టి, కుడి మోకాలు పట్టుకుని మూలుగుతూనే నవ్వుతున్నాడు. పాత బండ్ల మీద వీడియోలు తీసే పిల్లలు నాగపూర్ నుంచి వస్తున్నారట. "చాయ్ మంచిగ పెట్టు, బిస్కెట్లు గూడ తియ్యి" అని అక్కడినుంచే కేకేశాడు. ఆ వాసన అంటే ప్రాణమిచ్చేవాళ్లు ఈ చంద్రపూర్‌లో ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం అది మా అమ్మ పోయిన రోజు వాసన.

మాది విరూర్ పక్కన పత్తి పండించే కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది అమ్మే. ఆమెకు వచ్చినవి కూడా అంతంతమాత్రమే. గుణింతంలో సగం దాకా వచ్చి, "మిగిలింది నువ్వే ఊహించుకో" అనేది. మా ఆయన వాళ్లు మంచిర్యాల వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఆయన గని వర్క్‌షాపులో ఫిట్టర్. పెళ్లయి కాలనీ క్వార్టర్‌కు వచ్చేసరికి ఆ బండి నాకంటే ముందే ఆ ఇంట్లో ఉంది. ఎవరో వాడి వదిలేసిన బండిని కొని, పెళ్లికూతురికి చేసినట్టు దానికి అన్నీ చేశాడు. అబద్ధమెందుకు, ఆ మొదటి రోజుల్లో నాకూ అన్నీ చేశాడు. చక్రంలో చీర పడకుండా ఇనుప జాలీ తానే వెల్డింగు చేసి బిగించాడు. నేను పక్కకు కూర్చుంటే కాళ్లు పెట్టుకోవడానికి చిన్న పలక అమర్చాడు. చైత్రంలో మహాకాళి జాతరకు దానిమీదే పోయాం. సీటు పట్టీ గట్టిగా పట్టుకుని, కొంగు నోట్లో కరుచుకుని, దారిలో కనిపించిన ప్రతి మనిషీ నన్నే చూస్తున్నారనుకుంటూ పోయాను. ఆ ధీమా తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

తరువాత ఆయనకు బండి ఉన్నట్టు ఉంటే చాలదనిపించింది. "కంపెనీ వాడు సగమే చేసి పంపిండు. మిగిలిన సగం మనం చేసుకోవాలె" అనేవాడు. మొదట సైలెన్సర్ మార్చాడు. కొత్తది నడుము దగ్గర బాగా ఉబ్బి, చివరికి సన్నగా ఉండేది. అది పట్టాలంటే చీర జాలీ అడ్డం వచ్చింది. జాలీ పోయింది. ఆ సైలెన్సరు వేడి నా పిక్కకు తగిలి బొబ్బ లేస్తే, "కాలు జర దూరం పెట్టుకోవాలె మరి" అని బర్నాల్ రాశాడు. బాగానే రాశాడు, కసురుకోలేదు. ఆ తరువాత కార్బురేటర్. ఆ తరువాత సిలిండర్ లోపల పొగ పోయే దారులను సన్నటి ఆకురాయితో రాకి వెడల్పు చేయడం. డ్యూటీ దిగి స్నానం చేసి, వరండాలో పేపరు పరుచుకుని, బంగారం పని చేసే అవుసలాయనలా ఒళ్లో పెట్టుకుని రాకేవాడు. నేను పలకరిస్తే "ఊఁ" అనేవాడు. ఏం చెప్పినా అదే "ఊఁ". మా పిల్లకు జ్వరమన్నా, కూరలో ఉప్పెక్కువైందన్నా ఒకటే.

ఇంజను బయటిపెట్టెను వేడి చేసి, బేరింగులను చల్లబరిస్తేనే ఒకదాంట్లో ఒకటి సులువుగా కూర్చుంటాయట. కాబట్టి నా బొగ్గు సిగిడి పొయ్యి మీంచి అన్నం గిన్నె దింపి ఆ పెట్టెను ఎక్కించేవాడు. బేరింగులు మా ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పడుకునేవి. ఒకసారి మా ఆడబిడ్డ వచ్చి, చల్లనీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచి, "ఏంది వదినే, గారెలా?" అంది. ఇద్దరం పడి పడి నవ్వాం. కాలనీ ఆడవాళ్లు నన్ను అదృష్టవంతురాలని చెప్పుకునేవారు. తాగడు, పేకాట లేదు, చేయి చేసుకోడు, బండి తప్ప ఆయనకు వేరే లోకమే లేదు అని. వాళ్లు మెచ్చుకోలుగా అన్న ఆ చివరి మాట పట్టుకుని నేను చాలా రోజులు ఆలోచించాను.

అమ్మ పోయిన యేడు ఎండాకాలం ముగిసేముందు సిలిండర్‌ను లోపల తొలిపించి బోరు పెద్దది చేయించాడు. దానికి సరిపడే పెద్ద పిస్టన్ కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. అది వచ్చిన రోజు ఇంట్లో పాయసం ఒక్కటే తక్కువ. కొత్త పిస్టన్ వేశాక కొన్నాళ్లు బండిని మెల్లగా, ఒంటరి మనిషితో, బరువు లేకుండా తిప్పాలి. లేకపోతే అది వేడెక్కి ఉబ్బి, సిలిండర్ గోడలకు పట్టేసి ఇంజను బిగుసుకుపోతుంది. ఇదంతా ఆయన చెప్పగా చెప్పగా నాకు నోటికి వచ్చేసిన పాఠం. బిగించి వారం కూడా కాలేదు. పక్క క్వార్టర్ వాళ్లింటికి మా తమ్ముడి ఫోన్ వచ్చింది. అమ్మకు గుండెల్లో నొప్పి లేచిందని, డాక్టరు వచ్చి చూసి పెదవి విరిచాడని, వెంటనే రమ్మని.

నేను చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చాను. ఆయన వరండాలో బండి తుడుస్తున్నాడు. ఆ రోజు ఎస్టీ వాళ్ల సర్కారు బస్సులు బంద్.

"అమ్మకు బాగలేదట. పా, బండి తియ్యి" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. ముఖం నిజంగానే వాడిపోయింది. మా అమ్మ అంటే ఆయనకు ఇష్టమే. ఒకసారి బండి వైపు చూశాడు, ఒకసారి నావైపు.

"పిస్టన్ ఇంక సెట్ కాలే. డబల్ సీట్ పోతే నడిమిట్ల పట్టేస్తది" అన్నాడు. "బల్లార్షాల ప్యాసింజర్ రైలు దొరుకుతది. జీపుల పో, అందుతది."

"అమ్మ పోయేటట్టున్నదట" అన్నాను మళ్లీ. వినలేదేమో అనుకుని.

"గందుకే చెప్తున్న. బండి నడిమిట్ల ఆగితే ఏం జేస్తం? రైలయితే పక్కా."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిల్లను పక్కింట్లో దింపి, జనంతో కిక్కిరిసిన జీపులో బల్లార్షా పోయాను. ప్యాసింజర్ అందింది. ఆయన చెప్పినట్టే అందింది. కానీ నది దాటాక దాన్ని పక్కలైన్లో నిలబెట్టారు. బొగ్గు గూడ్సు ఒకటి పోయింది. కాసేపటికి ఇంకొకటి. నల్లటి పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి తీరిగ్గా దొర్లుకుంటూ పోతుంటే కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్నాను. ఆ బొగ్గే మాకు అన్నం పెట్టింది. ఆ పూట దాన్ని తిట్టినన్ని తిట్లు నా జన్మలో ఎవరినీ తిట్టలేదు. ఎదురుగా కూర్చున్న ముసలామె మరాఠీలో "ఎవరికి బాగలేదు బిడ్డా?" అని అడిగింది. నేను ఏమీ చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు పరుగుతోనే పోయాను. మా ఇంటి మలుపు తిరిగేసరికి మొదట కనిపించింది ఆయన బండి. గోడ నీడన స్టాండు వేసి, కాలిన నూనె వాసన కొడుతూ ఉంది. చెప్తే ఎవరూ నమ్మరు గానీ, ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. వచ్చాడు, మనసు మార్చుకుని వచ్చాడు అనుకున్నాను. అప్పుడు ఇంట్లోంచి ఏడుపు వినబడింది.

నన్ను పంపాక ఆయనకు, అల్లుడన్నవాడు ఇంట్లో కూర్చుంటే బాగుండదనిపించిందట. ఒంటరిగానే కదా, మెల్లగా పోతే పిస్టన్‌కు ఏమీ కాదని రాజురా మీదుగా బయలుదేరాడు. ఎంత మెల్లగా వచ్చినా నా రైలుకంటే చాలా ముందే వచ్చాడు. అమ్మ కళ్లు తెరిచే ఉందట అప్పటికి. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, నా చేయి పట్టుకుని అంతా చెప్పింది. దాచాలని దానికి తోచలేదు. నాకు ఊరట కలుగుతుందనే అనుకుంది పాపం. మా ఆయన్ను అది అన్న అని పిలుస్తుంది.

"బండి చప్పుడు ఇనంగనే అత్తమ్మ లేచి కూసోవెట్టుమన్నది వదినె. నువ్వు గూడ వచ్చినవనుకున్నది. బిడ్డ ఏది అని అన్నను అడిగింది. రైల్ల వస్తున్నది అత్తా అన్నడు అన్న. అవునా అని దర్వాజ దిక్కే సూసుకుంట పండింది. అన్ననే నోట్ల నీళ్లు పోసిండు."

అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. కొడుకుతో సమానం, తెలిసిన మరుక్షణం బండేసుకుని వచ్చాడన్నారు. అమ్మకు అన్నీ అయిపోయి, దశదినం కూడా ముగిశాక, పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే ఆయన్ను అడిగాను.

"ఇద్దరం వస్తే అమ్మను నేను గూడ చూస్తుంటి గదా?"

"పట్టేస్తే ఇద్దరం రోడ్డు మీదుంటుంటిమి" అన్నాడు, పిల్లకు లెక్క చెప్పినట్టు. "అప్పుడు నేను గూడ చూడకపోతుంటి. మన దిక్కు నుంచి ఒకలం ఉన్నం గదా, నేనున్న గదా?"

నేను తువ్వాలు అందించాను. ఆ పిస్టన్ మాత్రం బ్రహ్మాండంగా సెట్టయింది. ఏళ్ల తరబడి నడిచింది. దాని గురించి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ తరువాత నేను ఆ బండి ఎక్కలేదు. ఎక్కనని ఎప్పుడూ అనలేదు. బజారుకు ఆటోలో పోయేదాన్ని. ఎందుకని ఆయన అడుగుతాడేమో అని మొదట్లో ఎదురుచూశాను. అడగలేదు. అడగకపోగా ఒకనాడు పొడుగు సీటు విప్పేసి, వెనుక చిన్న గూని ఉన్న ఒంటరి సీటు బిగించాడు. వెనుక కాళ్లు పెట్టుకునే రాడ్లు కూడా కోసేశాడు. "నువ్వెట్లాగూ కూసోవు గదా, బరువు తగ్గుతది" అన్నాడు. బండి ఇంకా జోరందుకుందని చెప్పాడు. అందుకునే ఉంటుంది.

మొన్న వచ్చిన పిల్లలు మంచివాళ్లు. చెప్పులు బయట విడిచి, నా కాళ్లకు దండం పెట్టారు. వాళ్లలో ఒకడిది రాజురా దగ్గరి తెలుగు ఇల్లే. మాట మధ్యలో మరాఠీ వచ్చిపడుతుంది. సైలెన్సర్, కార్బురేటర్ అన్నీ అయ్యాక వాడే అడిగాడు, "కాకా, ఈ బండితోని మరిచిపోని యాది ఒకటి సాంగా నా, చెప్పుండ్రి" అని.

మా ఆయన బండి ట్యాంకు మీద చేయి వేసి చెప్పాడు. "మా అత్తకు సీరియస్ అని ఫోనొచ్చింది. బస్సులు బంద్. కొత్త పిస్టన్, పట్టేస్తదని భయం. అయినా పోతే పోనీ అని ఈమెను ఎనుక కూసోవెట్టుకొని ఒక్క దమ్ముల విరూర్ పోయిన. ఆఖరు సూపు దొరికింది. గీ బండి లేకుంటే దొరకకపోవు."

చెబుతుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కెమెరా పట్టుకున్న పిల్లవాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు. రాజురా పిల్లవాడు నావైపు తిరిగి, "ఖరేనా కాకూ, నిజమేనా?" అన్నాడు.

"చాయ్ సల్లారుతున్నది, తాగుండ్రి బిడ్డా" అన్నాను.

వాళ్లు పోయాక, ఆయన మోకాలికి నూనె రాసుకుంటుంటే దగ్గరికి పోయి కూర్చున్నాను. "ఆ రోజు నేను ఏడున్న?" అని అడిగాను.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఆ చూపులో దాపరికం లేదు. ఉంటే బాగుండేది. "నా ఎనుకనే గదా" అన్నాడు. "తొవ్వ పొడుగూత ఏడుస్తనే ఉంటివి. నీ చెయ్యి నా భుజం మీదనే ఉండె. మరిచినవా?"

రైలు సంగతి చెప్పాలనుకున్నాను. ఆ కిటికీ, ఆ గూడ్సులు, గుమ్మం వైపు చూస్తూ పడుకున్న మా అమ్మ. కానీ ఆ రోజు ఏం జరిగిందో ఎరిగినవాళ్లలో తమ్ముడు పోయాడు, మరదలు కొడుకు దగ్గర ఎక్కడో ఉంది. ఇక నేనొక్కదాన్నే. నూనె గిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను. వీడియో చూసి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మమ్మ గురించి బాపు ఎంత మంచిగ చెప్పిండమ్మా" అని ఏడ్చింది. అవునన్నాను.

ఏళ్లు గడిస్తే మనిషి తాను చేసినదాన్ని మరిచిపోతాడని నాకు ముందే తెలుసు. చేయనిదాన్ని చేసినట్టు అతని చేతిలో పెట్టి, జరిగినదాన్ని ఒంటరిగా మోయడానికి ఇంకొకరిని వదిలిపెట్టేదీ ఆ కాలమేనని ఇప్పుడు తెలిసింది.