మా వీధి ఢిల్లీ చాచా

చాచా పోయాడన్న కబురు నాకు మధ్యాహ్నం భోజనాల వేళ అందింది. పుల్లలచెరువు మండలంలో నేను పనిచేసే బడికి ఫోను సిగ్నలు సరిగా ఉండదు. వెనకున్న మిట్ట ఎక్కితే, అప్పటిదాకా ఆగిపోయినవన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. ఆ రోజు మా ఆయన చేసిన ఫోన్లే వరసగా కనిపించాయి. తిరిగి చేస్తే, "చాచా పొద్దున్నే పోయినాడు. సాయంత్రం అసర్ నమాజు కాడ ఎత్తుతారంట, వచ్చేయ్" అన్నాడు. పిల్లలను తోటి మాస్టారికి అప్పగించి, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి మార్కాపురం చేరేసరికి జనాజా వీధి మలుపు దాటుతోంది. ఆడవాళ్లం గుమ్మాల దగ్గరే నిలబడ్డాం. మోసేవాళ్ల భుజాలు మారుతూ ఉన్నాయి. వాళ్లలో సగం మంది పలకల పనిలో చేతులు కాయలు కాసినవాళ్లే.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒకటే గోడ. మా నాయనా ఆయనా ఒకే పలకల ఫ్యాక్టరీలో పనిచేశారు. మా నాయన చెక్క చట్రాలు బిగించేవాడు. చాచా, గని నుంచి వచ్చిన బండను ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాడు. చీల్చిన ప్రతి పొరనూ గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. లోపల సన్నటి పగులున్నా చప్పుడు మారుతుందట. మాకు ఏ తేడా తెలిసేది కాదు. ఆయన పక్కన పడేసిన రాయిని మా నాయన కావాలని బిగించి చూస్తే, వారం తిరక్కుండా రెండు ముక్కలయ్యేది.

చాచా అయిదో తరగతితో బడి మానేశాడు. కానీ ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న టీ కొట్లో పేపరు మాత్రం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా, అక్షరాల కింద వేలు జరుపుతూ చదివేవాడు. సినిమా వార్తలు వదిలేసేవాడు. ఎక్కడో మిల్లు మూతపడిందంటే, ఏదో రాష్ట్రంలో రైతులు రోడ్డెక్కారంటే, సొంత ఇంటి సంగతిలా మొహం మాడ్చుకునేవాడు. అందుకే వీధిలో ఆయనకు ఢిల్లీ చాచా అని పేరు పెట్టారు.

"ఏం భాయ్, దేశం ఎట్లుండాది ఈ పొద్దు?" అని మా నాయన ఆటపట్టించేవాడు.

"నిన్నటికంటే ఒక మెట్టు కిందుంది."

"మరి నువ్వు?"

"నేనూ దాంట్లోనే ఉండా గదా. నాకు వేరే మెట్లుంటాయా?"

పలకల ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడిన కాలం అది. బళ్లలోకి నోటు పుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఇనుప రేకుల షెడ్లకు తాళాలు పడ్డాయి. చాచా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు హైదరాబాదు, బెంగళూరు రైళ్లెక్కి అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మెన్లుగా చేరారు. అప్పటికి నేను డిగ్రీ, ఆ పైన బీయీడీ చదివి, ఊళ్లో ఒక ప్రైవేటు బళ్లో చేరాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "చాచా, అందరూ ధరలు పెరిగినాయని ఏడుస్తుంటే, నువ్వు దేశమంటావేంది ఎప్పుడూ?"

"ధర పెరిగితే మళ్లా దిగొస్తుంది బేటీ. పని తెలిసినోడు ఆ పని మర్చిపోతే మళ్లా రాదు. నా దగ్గర నేర్చినోళ్లు ఇప్పుడు గేట్లు తీస్తుండారు. ఇంకో పదేండ్లకు వాళ్లకు ఉలి పట్టేది కూడా గుర్తుండదు. దేశం దిగజారేది అట్లనే. చప్పుడు కాదు."

ఆ మాట నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు. కరోనా వచ్చాకే పట్టింది.

లాక్‌డౌన్‌తో మా బడి మూశారు, జీతం ఆపేశారు. మా ఆయన ఆటో ఇంటి ముందే నిలబడిపోయింది. ఆంక్షలు కాస్త సడలాక కూడా బడి తెరవలేదు. మిరప కోతల కాలం వచ్చేసరికి నేను కూలికి పోవడం మొదలుపెట్టాను. సాయంత్రం తిరిగొస్తుంటే, అరుగు మీద కూర్చున్న చాచా నా చేతులకు చుట్టుకున్న గుడ్డలు చూశాడు.

"ఏం పనికి పోతుండావు టీచరమ్మా?"

"మిరపకాయలకు, చాచా."

చాచా మర్నాడు పొద్దున్నే మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల మూడో తరగతి. చక్కగా చదివేది. చాచా పలక ఇచ్చి పేరు రాయమన్నాడు. రెండక్షరాలు రాసి ఆగింది. మూడోది గుర్తు రాక, నా మొహంలోకీ తాత మొహంలోకీ చూసి తల దించుకుంది.

"చూసినావా? ఇది ఏ పేపర్లోనూ రాయరు" అన్నాడు చాచా. "కూలికి పోవడం తప్పు కాదు. నేను చేసిందీ కూలే. కానీ నువ్వు చదువు చెప్పేది ఆపితే ఇద్దరు మరిచిపోతారు. ఈ పిల్ల అక్షరాలు మరిచిపోతుంది, నువ్వు చెప్పేది మరిచిపోతావు."

"బడి లేదు గదా చాచా, యాడ చెప్పేది?"

"అది నేను చూసుకుంటా."

తాళం పడిన ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి వెళ్లి తాళంచెవి అడిగాడు. ఆయన భయపడ్డాడు. గుంపు చేరితే కేసు పెడతారన్నాడు. "గుంపు చేరనియ్యను. ఎవరన్నా వస్తే నా పేరు చెప్పు" అని చాచా గుమ్మంలోనే కూర్చున్నాడట. ఆఖరుకు ఆయన తాళంచెవితో పాటు, గోదాములో అమ్ముడుపోకుండా మిగిలిన పలకలు కూడా తీసుకోమన్నాడు.

పొద్దున మిరప చేను, సాయంత్రం బడి. మా ఆయన మొదట గొణిగాడు, "ఒళ్లు హూనమైతే ఏమిటికి పనికొస్తావు?" అని. రెండో రోజు ఆయనే చీపురు తీసుకుని ఫ్యాక్టరీ ఆవరణ ఊడ్చాడు. చాచా పాత బండలు దొర్లించి, కట్టెతో కొలిచి, దూరం దూరంగా వేశాడు. బండకు ఒక పిల్ల, ఒక పలక. పలకలు పంచేముందు ఒక్కొక్కటీ గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, సగానికి సగం పక్కన పెట్టేశాడు.

"పిల్లలే గదా చాచా, ఎట్లయినా పగలగొడతారు. ఇచ్చేయ్" అన్నాను.

ఆయన నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే. "పిల్లలకు మంచిది ఏరి ఇయ్యకపోతే ఇంకెవరికిస్తావు?"

వారం గడిచాక మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చాడు. ఎవరో ఫిర్యాదు చేశారట. చాచా గేటు దగ్గరే ఎదురు వెళ్లి, మాస్కు సర్దుకుని, "లోపలికొచ్చి చూడు నాయనా. రాళ్లు నేనే కొలిచి వేసినా" అన్నాడు. వచ్చినాయన బండల మధ్య నడిచాడు. ఒక పిల్లవాడి పలక దగ్గర ఆగి, వంగి, బలపం అడిగి తీసుకుని, తప్పిపోయిన ఒత్తు వేశాడు. "మాస్కులు తియ్యనియ్యొద్దు" అని నాతో చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు.

నాకు మాత్రం ధైర్యం చాలని రోజులుండేవి. ఒక సాయంత్రం చేతులు భగ్గుమని మండుతుంటే బలపం పట్టలేక కింద పడేశాను. పిల్లలు వెళ్లిపోయాక ఏడ్చాను. "నన్నింక ఏ బడీ పిలవదు చాచా. నువ్వే అంటావు గదా, దేశమే దిగజారుతుండాదని. మనం ఈడ నాలుగు అక్షరాలు చెప్తే ఆగుతుందా?"

చాచా దగ్గి, కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి అప్పటికే ఆయన ఛాతీని పట్టేసింది. "ఇల్లు కారుతుండాదని ఎందుకు చెప్తారు బేటీ? ఇల్లు వదిలి పొమ్మనా? ఎవరో ఒకరు పైకెక్కి పెంకు సర్దుతారని. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా అందుకే. నువ్వు ఎక్కినావు. దిగొద్దు."

ఇల్లు చేరాక, గోడ అవతలి నుంచి చాచీ వేపనూనె గిన్నె పంపింది. చేతులకు రాసుకుని మర్నాడు మళ్లీ బలపం పట్టాను.

బళ్లు తెరిచిన రోజు, మా ఆవరణలో చదివిన పిల్లలందరూ చదవగలిగారు. ఇది గొప్పకు చెప్పడం లేదు. కాదు, గొప్పకే చెబుతున్నాను. మిగతా పిల్లలకు అక్షరాలు మళ్లీ మొదటి నుంచి దిద్దించాల్సి వచ్చింది. మా పిల్లలు పాఠం తెరిచి పైకి చదివారు. పేరు రాయలేక ఆగిపోయిన ఆ మనవరాలు ఇప్పుడు తొమ్మిదో తరగతి. జనాజా వెళ్లాక, వచ్చిన పలకల పనివాళ్ల నుంచి హైదరాబాదు చుట్టాల దాకా అందరికీ నీళ్లందిస్తూ తిరిగింది ఆ పిల్లే.

ఆ తర్వాత నేను డీఎస్సీ రాశాను. పోస్టింగు కాగితం వచ్చిన రోజు ముందుగా చాచాకే చూపించాను. వేలు జరుపుతూ, కింద సంతకం దాకా చదివాడు. పుల్లలచెరువు పేరు దగ్గర ఆగి, "అడివి పక్క. నీళ్లు కూడా సరిగా దొరకవు. మంచి చోటే వేసినారు" అన్నాడు. నేను నవ్వితే, "నిజమే చెప్తుండా. టీచరు లేనికాడికే గదా టీచరు పోవాల" అన్నాడు.

పలకల ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోలేదు. ఆయన దగ్గర నేర్చినవాళ్లెవరూ రాళ్ల దగ్గరికి తిరిగి రాలేదు. దేశం ఎట్లుండాదని అడిగితే చాచా ఆఖరుదాకా మెట్టు కిందే అన్నాడు. అబద్ధం చెప్పి ఊరడించడం ఆయనకు చేతకాదు.

ఈ జనవరి ఇరవై ఆరున, ఎవరూ పిలవకుండానే మా బడికి వచ్చాడు. ఎర్రగొండపాలెంలో బస్సు దిగి, ఆటోలో, ఉతికిన తెల్లచొక్కాతో. కుర్చీ వేస్తే కూర్చోలేదు. జెండా ఎగరేశాక నాలుగు మాటలు మాట్లాడమంటే మొహమాటపడి, "నేను మార్కాపురంలో రాళ్లు చీల్చినోణ్ణి. మీ టీచరమ్మ మా వీధి పిల్ల" అని మాత్రం చెప్పి పక్కకు జరిగాడు. ఆ రెండో మాట అన్నప్పుడు ఆయన గొంతు పెరిగింది. అంత గర్వంగా నా గురించి మా నాయన కూడా ఎన్నడూ మాట్లాడలేదు.

అడవి అంచు గూడెం నుంచి వచ్చే ఒకటో తరగతి పిల్ల ఆయన చొక్కాకు కాగితపు జెండా గుచ్చబోయింది. అందలేదు. చాచా మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వంగి, అది గుచ్చేదాకా అలాగే ఉన్నాడు.

నేను ఆయన్ని అంత సంతోషంగా చూడడం అదే ఆఖరు. తిరిగి పోయేటప్పుడు ఆటోలో ముందు చోటున్నా, కిందికి దించిన వెనక తలుపు మీద, బడి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. పిల్లలు ఇచ్చిన చాక్లెట్టు బుగ్గన ఉంది. ఎర్రమట్టి బాట మీద ఆటో కుదుపుల్లో కాళ్లు ఊగుతున్నాయి. చొక్కా మీద ఆ చిన్న జెండా గాలికి రెపరెపలాడుతుంటే, ఎగిరిపోకుండా దాని మీద అరచెయ్యి ఆనించి పట్టుకుని, కందిచేల మలుపు దాటేదాకా మా వైపే చూస్తూ వెళ్లాడు.