సముద్రం పక్కన చిరునామా

ఈ సాయంత్రం మా కోరుట్ల ఇంటి పక్కనుండే లావణ్య, కూతురి స్కూలు ఫారం నింపమని వచ్చింది. ఆమె భర్త దుబాయిలో అద్దాలు తుడుస్తాడు. ఫారంలో తండ్రి చిరునామా అని ఉన్న చోట, సముద్రం ఒడ్డున విల్లాలు, ఆఫీసులు, జనం రోజురోజుకూ పెరుగుతున్న ఓ సంపన్నుల కాలనీ పేరు చెప్పింది. నేను కలం ఆపాను.

"ఆడికి పనికి పోతడు. పండేది లేబర్ క్యాంపులనే గదా బిడ్డా? వీడియో కాల్ల వెనక రెండంతస్తుల మంచాలు నేను సూడలేదా?"

"నాకూ ఎర్కే పెద్దమ్మా. విల్లాల రూమిచ్చిండ్రని ఆయనే చెప్పిండు. నాకెర్కైందని తెలిస్తె మనసు చిన్న చేసుకుంటడు. ఫారం ఫోటో పంపుమన్నడు."

ముప్పై ఏళ్లు టీచరుగా పిల్లల తప్పులకు ఎర్ర గీతలు గీసిన నేను, ఆ అబద్ధాన్ని గుండ్రటి అక్షరాల్లో రాసిచ్చాను. మీరైతే ఏం రాసేవారో చెప్పండి.