పెరిగిన ముగ్గు

పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో అరవై ఆరేళ్ల అంజలై రోజూ తెల్లవారగానే నడుం వంచి, నిలబడే ముగ్గు వేస్తుంది. కూర్చుని వేస్తే ముసలితనం ఒప్పుకున్నట్టేనని ఆమె పట్టు. ఇంకోసారి నడుం పట్టేస్తే వాకిట్లో స్టిక్కరు ముగ్గు అంటిస్తానని కొడుకు బెదిరించాడు. ఈవేళ చివరి గీత దగ్గర పట్టేసింది. వంగిన నడుం లేవలేదు. అంతలో తలుపు చప్పుడైంది. అంజలై గబగబా ఇంకో పువ్వు వేసింది, దాని పక్కన మరొకటి.

“ఏంది అత్తా, పండగ కూడా కాదే, ఇంత పెద్దదా?” అంది కోడలు దీపా.

“చెయ్యి ఆడతా ఉండాది, ఏస్తా ఉండా.”

గిన్నెలో పిండి అయిపోవచ్చింది. అయిపోతే నిటారుగా లేవాలి. దీపా పాదాలు ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్లాయి. మొగుణ్ణి లేపుతుందేమోనని అంజలై ఊపిరి బిగబట్టింది.

దీపా పిండి డబ్బా తెచ్చి, చప్పుడు కాకుండా గిన్నె నింపింది.