సమాయిల్ చాయ్ హోటల్ ముందు మూర్తి గారి హారన్

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి బలమైన కారణమే ఉంది: మా గల్ఫ్ క్యాంపులో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. నీళ్ల ట్యాంకు మీద కూర్చుని తల దువ్వుకునే ఆడమనిషి నాదే. ఖాళీ రూములో దగ్గే ముసలాయన కూడా నావాడే. కాబట్టి ఇది చదివి "శంకరన్న మళ్ల షురూ చేసిండు" అనుకునేవాళ్లు అనుకోండి. ఈ ఒక్కటి మాత్రం నేను అల్లింది కాదు. అల్లి ఉంటే ఇంతకంటే బాగా అల్లేవాణ్ణి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఒమన్‌లో, సమాయిల్ ఊళ్లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి స్టోర్ కీపర్‌ని. పద్దెనిమిదేళ్ల గల్ఫ్ బతుకులో మొదటిసారి నా భార్య సుగుణ విజిట్ వీసా మీద వస్తానని ఒప్పుకుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలని పాత కారు ఒకటి కొన్నాను. అంతకుముందు అది మూర్తి గారిది. కాకినాడ వైపు మనిషి, మా పక్క ఆఫీసులో అకౌంటెంటు. గుండెపోటుతో ఇక్కడే పోయారు. ఆయన ఇంటివాళ్లు బండిని నాకు అమ్మారు. చనిపోయిన మనిషి బండి ఎందుకని మావాళ్లు మొహం చిట్లించారు. పోయింది ఆయన, ఇంజను కాదు కదా అన్నాను.

కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత సెలవు మీద ఇంటికి వెళ్లాను. ఎండలో నిలబెట్టిన బండిని ఎవరూ స్టార్ట్ చేయలేదు. తిరిగొచ్చి తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ పూర్తిగా చచ్చింది.

మా రూములో ఉండే రాజన్న తన పికప్ తెచ్చి కేబుళ్లు తగిలించాడు. బండి లేచింది గానీ, మత్తు దిగని మనిషిలా లేచింది. గడియారం పన్నెండు దగ్గర కొట్టుకుంటోంది. నా వైపు కిటికీ అద్దం సగం లేచి మళ్లీ దిగిపోతోంది. ఒక డోర్ లాక్ వేస్తే మిగతావి తెరుచుకుంటున్నాయి. వైపర్లు చుక్క వాన లేకుండా ఊడుస్తున్నాయి.

ఇందులో దయ్యం పనేమీ లేదు. కరెంటు పోతే ఈ కాలపు బండ్లు నేర్చుకున్నవి మర్చిపోతాయి. కొత్త బ్యాటరీ వేశాను. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లు పోసి బ్రష్షుతో కడిగాను. మైనస్ తీగ విప్పి, కాసేపు వదిలేసి, మళ్లీ బిగించాను. అద్దాన్ని పూర్తిగా పైకి లేపి స్విచ్ అలాగే పట్టుకుంటే తన హద్దు అది మళ్లీ నేర్చుకుంది. సాయంత్రానికి అన్నీ దారికొచ్చాయి.

హారన్ తప్ప.

మా సైటుకు వెళ్లే దారిలో ఒక చాయ్ హోటల్ ఉంది. ఇక్కడ చాయ్ కోసం ఎవరూ బండి దిగరు. ముందు ఆపి హారన్ కొడితే కిటికీ దగ్గరికే వస్తుంది. మర్నాడు ఆ హోటల్ ముందు నెమ్మదించానో లేదో, నా చెయ్యి తగలకుండానే హారన్ మోగింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. బండి ఆపాను. హోటల్ నడిపే హంజా భాయ్, కేరళ ఆయన, ఒక కప్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తాగితే చక్కెర లేదు. నేను చాయ్‌లో చక్కెర తాగేవాణ్ణి కాదు, చక్కెరలో చాయ్ తాగేవాణ్ణి.

"యే కిస్కా చాయ్ హై భాయ్?" అన్నాను, ఇది ఎవరి చాయ్ అని.

హంజా నా మొహం చూసి తడబడ్డాడు. "మూర్తి సాబ్ కా హారన్ థా. బినా శక్కర్."

అది మూర్తి గారు కొట్టే హారన్, ఆయన తాగే చక్కెర లేని చాయ్. ఆయన పోయారని అతనికి తెలుసు. కానీ ఆ హారన్ వినగానే చేతులు వాటంతట అవే చాయ్ కలిపేశాయట.

అంటే బండి గడియారాన్ని మర్చిపోయింది, అద్దాన్ని మర్చిపోయింది, ఆయన చాయ్‌ని మాత్రం మర్చిపోలేదు!

వైరు ఎక్కడో ఒరుసుకుంటోంది అనుకున్నాను. స్టీరింగ్ కింద విప్పి చూశాను. రిలే మార్చాను. అనుమానం ఉన్న ప్రతి తీగకూ టేపు చుట్టాను. ఊరంతా తిప్పితే నోరెత్తదు. ఆ హోటల్ ముందు మాత్రం ఒకటి పొడుగు, రెండు పొట్టి. రోడ్డు మీద గుంతేమైనా ఉందేమోనని దిగి చూశాను. నున్నగా ఉంది.

రాజన్న ఊరుకుంటాడా? సుగుణకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. వెంటనే ఆమె ఫోన్ నాకు వచ్చింది.

"బండి అమ్మితెనే నేనొస్త. లేకుంటే టికెట్ తియ్యకు."

రాజన్న మీద పడ్డాను. "నీ కడుపుల మాట ఒక్కపూట ఆగదారా?"

"రేపు ఏమన్నైతే వదిన నన్నే అడుగుతది గదనే!"

నాకు మొండితనం వచ్చింది. లేని మనిషికి భయపడి ఉన్న బండిని అమ్ముకోవడమా? ఇది వైరు తప్పేనని నిరూపిస్తా, నువ్వే చూసి మీ వదినకు చెప్పాలె అని, శుక్రవారం మధ్యాహ్నం రాజన్నను పక్క సీట్లో కూర్చోబెట్టాను. అంతకుముందే బానెట్ ఎత్తి హారన్ ఫ్యూజు పీకి అతని చేతికిచ్చాను. స్టీరింగ్ మీద హారన్ అతనితోనే నొక్కించాను. చప్పుడు లేదు.

"పిడికిలి ఇప్పకు."

"ఇప్పితే ఏమైతదే?"

"నీ ధైర్యం పారిపోతది."

హోటల్ దగ్గర ఒక నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. బండిని చూసి హంజా అలవాటుకొద్దీ వచ్చాడన్న అనుమానం మిగలకూడదని దాని వెనక ఆపాను. హారన్ మోగలేదు. నాకు వినపడలేదు, రాజన్నకూ వినపడలేదు.

"సూసినవా? ఇగ కలుపు మీ వదినకు," అన్నాను.

రాజన్న ఎడమ చేత్తో ఫోన్ తీస్తుండగా, ట్యాంకరు చుట్టూ తిరిగి హంజా వచ్చాడు. చేతిలో కప్పు. అద్దం మీద తట్టాడు. ఎవరు తెమ్మన్నారని అడిగాను.

"హారన్ మారా నా సాబ్," అన్నాడు నన్నే వింతగా చూస్తూ. "ఏక్ లంబా, దో ఛోటా."

రాజన్న పిడికిలి విప్పాడు. ఫ్యూజు అక్కడే ఉంది, చెమటతో తడిసి. చాయ్‌లో చక్కెర లేదు. రాజన్న అక్కడే దిగి రూము దాకా నడిచే వెళ్లాడు.

అతను రూముకు చేరేలోపు నేనే సుగుణకు ఫోన్ చేశాను. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. హారన్, ఫ్యూజు, ట్యాంకరు, అన్నీ చెప్పాను. ఆమె అంతా విని పగలబడి నవ్వింది.

"రాజన్న చెప్తె నిజమేమోనని బుగులుపడ్డ. వానికి నువ్వే నేర్పిచ్చినవన్నట్టు! నీ నోట్లెకెల్లి వచ్చినంక అది ఇంకేం నిజం? టికెట్ తియ్."

వచ్చింది. ముందు సీట్లోనే కూర్చుంది. ఫ్యూజు మళ్లీ పెట్టేశాను, ఎలాగూ మోగేదేదో నాకూ వినపడనీ అని. హోటల్ ముందు హారన్ మోగినప్పుడల్లా "ఒక్క చాయ్‌కి గంత మోత ఎందుకు?" అని నన్నే తిడుతుంది. నా చేతులు ఎక్కడున్నాయో చూడదు.

ఫ్యూజు లేని రోజు హంజా ఏం విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మెకానిక్కు వైరింగంతా చూసి తప్పేమీ లేదన్నాడు. హంజాను ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అయినా దయ్యాలను నేను నమ్మను, బండిని అమ్మను. రెండు చాయ్‌లు అడిగితే మూడు వస్తాయి. చక్కెర లేని ఆ మూడోదాన్ని డాష్‌బోర్డు మీద పెట్టి, ఆవిరి పోయేదాకా ఆగి, వృథా ఎందుకని నేనే తాగుతాను.

ఈ మధ్య చక్కెర వేసిన చాయ్ నాకు నచ్చడం లేదు. దానికి మాత్రం నా దగ్గర ఏ వైరు తప్పూ లేదు.