జక్కమ్మ గదికి గొళ్లెం

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త రోజులవి. అంతకు ముందు ఇంటర్నెట్ ఫోన్ తీగలో కీచుమంటూ వచ్చేది. ఆ మోత వింటే ఇంటావిడ గాంధిమతి ఎలుక బోనులో పడిందనుకుని చీపురు పట్టుకుని లేచేది. ఎవరైనా రిసీవర్ ఎత్తారా, కనెక్షన్ పుటుక్కున తెగిపోయేది. ఎత్తకుండా ఎవరుంటారు? ఆ ఫోన్ ఆ ఇంటిది మాత్రమే కాదు మరి. వీధి వీధంతా తమ చుట్టాలకు ఆ నంబరే ఇచ్చి, పక్కింటిదని గుర్తుగా 'పీపీ' అని రాయించేది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆడవాళ్లు ముందుగదిలో వరసగా కూర్చుని, చేతుల గంధకం వాసన చీరకు తుడుచుకుంటూ, తిరుప్పూరు నుంచి కొడుకు పిలుస్తాడని ఎదురుచూసేవాళ్లు. ఇవాళ జేబుకో ఫోను. అలా ఎదురుచూసే మొహాలు మాత్రం మళ్లీ కనబడలేదు.

గాంధిమతి కోడలు కాళీశ్వరి. పుట్టిల్లు విరుదునగర్. తొంభైల్లో అక్కడ బజారు మేడమీద టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, కింద మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే, ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష పాసైంది. ఆ ఊళ్లో మిరపబస్తాలు దిగే రోజున టైపు నేర్చుకున్నవాళ్లకు ఇంకే చదువూ కష్టంగా ఉండదు. పెళ్లయి కోవిల్‌పట్టికి వచ్చినా రోజూ బస్సెక్కి విరుదునగర్ వెళ్లి, ఒక కంపెనీలో ఎక్కడో అమెరికాలో డాక్టర్లు చెప్పిన మాటలు చెవిలో వింటూ టైపు చేసేది. ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఎవరికి మళ్లీ గర్భం నిలవలేదో అన్నీ ఆమెకు తెలుసు. భర్త అయ్యాసామి లారీలో అగ్గిపెట్టెలు వేసుకుని ఉత్తరాదికి పోయేవాడు. అతనడిగినా ఒక్క ముక్క చెప్పేది కాదు.

ఆ కంపెనీ విరుదునగర్ ఆఫీసు మూసేస్తున్నామంది. ఇంట్లో కనెక్షన్ ఉన్నవాళ్లు ఇంటినుంచే చేయవచ్చు. అయితే మనిషి వచ్చి ఇల్లు చూసి సరేననాలి. లేకపోతే పని లేదు. కాళీశ్వరికి పని లేని ఆదివారమే చేతులు తిమ్మిరెక్కేవి.

కంప్యూటర్ ఎక్కడ పెట్టాలి? ముందుగది వీధిది. వంటింట్లో పొగ. మిగిలింది జక్కమ్మ గది. తాటాకు పెట్టెలో పాత పట్టుచీర, పసుపు, కుంకుమ. అదే ఇంటి దేవత. ఇంటివాళ్లు తప్ప గడప దాటరు. 'సదువు వస్తువే కదా, ఉండనీ' అంది గాంధిమతి.

చూడటానికి వచ్చిన శివరామన్ మదురైవాడు. అతనింట్లో కూడా తెలుగే అని తెలియగానే గాంధిమతి 'తంబీ, మన పిల్లోడివేనా' అంటూ బెల్లం పల్లీల కడలమిఠాయి పెట్టింది. అతను మోడెమ్‌తో పాటు వచ్చిన పాస్‌వర్డ్ మార్పించాడు. తీగ లేకుండా గాలిలో పోయే భాగాన్ని ఆపించాడు. ఫోన్ మోగినా నెట్ ఆగకుండా ఉండే చిన్న తెల్ల డబ్బా చూసి తల ఊపాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా, ఫోన్ కోసం కూర్చున్న పొరుగింటి మారియమ్మాళ్ కాళీశ్వరికి మంచి చేద్దామని నోరు తెరిచింది.

'సార్, ఈ ఇంట్లో బయమే లే. వాకిలి మూసింది నేను సూడలే. మేమంతా ఎప్పుడూ ఈడనే ఉంటాం.'

శివరామన్ రాస్తున్న పెన్ను ఆగింది. 'ఎప్పుడూనా?'

'పొద్దుమూకులూ. మా ఇల్లు మాదిరే.'

కాళీశ్వరి ఆమె మోచెయ్యి పట్టుకుంది. 'అక్కా, కొంచెం మాట్లాడకుండా ఉండు' అని మెల్లగా అంది.

శివరామన్ లేచి జక్కమ్మ గది తలుపు చూశాడు. లోపలా బయటా తడిమాడు. 'గొళ్లెం లేదే అక్కా?'

'లే సార్. రాత్రిపూట జక్కమ్మ వీది తిరిగి వస్తాది. అందుకని ఆ తలుపుకు గొళ్లెం పెట్టం' అంది కాళీశ్వరి.

అతను నవ్వలేదు. మారియమ్మాళ్ వైపు తిరిగాడు. 'అక్కా, లోపల బల్లమీద నా కళ్లజోడు ఉంది. తెచ్చిస్తావా?'

మారియమ్మాళ్ గడప దాకా వెళ్లి నిలబడిపోయింది. 'నేనా? సామి గదిలోకా? నీ కళ్లజోడు నువ్వే తెచ్చుకో తంబీ. లేకుంటే గుడ్డిగా పో.'

అప్పుడు నవ్వాడు. 'బూటు విప్పకుండా నేనే పోయొచ్చాను, నన్నెవరూ ఏమీ అనలేదు.'

'నిన్నంటే కాళీశ్వరి పని పోతాది, అందుకే. జక్కమ్మ అంటాది లే, తరవాత.'

అతను కాళీశ్వరి వైపు తిరిగాడు. 'నాకంటే ఈమె మంచి కాపలా. కానీ అక్కా, నా కాగితంలో మనిషి కాపలాకు గడి లేదు. లోపలినుంచి గొళ్లెం ఉండాలి. అది లేకుండా నేను సంతకం పెట్టలేను.'

కాళీశ్వరి అత్త వైపు చూసింది, అడగలేదు. అడిగితే ఇంటి ఆనవాయితీ తెంచమన్నట్టు. అడగకపోతే పని పోయినట్టు. గాంధిమతి తాటాకు పెట్టె వైపు చూసింది.

'ఏందే, ఆ డాక్టర్ల మాటలన్నీ పగలే వినాలా, రేత్రా?' అంది కోడలితో.

'పగలే అత్తా. తెల్లారేసరికి వచ్చుంటాయి.'

'పగలు జక్కమ్మ ఇంట్లోనే ఉంటాది కదా. నువ్వు లోపల ఉండి గొళ్లెం పెట్టుకో. ఆమెను ఒంటిగా పెట్టి మూసే పని లే. దీపం పెట్టే పొద్దుకు తీసెయ్యాల. పని మిగిలితే మిగిలింది.'

'మిగలదు అత్తా.'

గొళ్లెం బిగించేదాకా ఉంటానన్నాడు శివరామన్. సాయంత్రానికి వడ్రంగి మునియప్పన్ వచ్చాడు. సామి తలుపుకు మేకు కొట్టాలా అని కాసేపు తల గోక్కుని, చేతులు కడుక్కుని వచ్చి ఇత్తడి గొళ్లెం బిగించాడు. అది వేసి తీసి చూశాక శివరామన్ సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కరెంటు పోయిన రోజుల్లోనూ, వర్షానికి తీగలు తడిసి నెట్ పడుకున్న రోజుల్లోనూ కాళీశ్వరి అందరికంటే ముందే పని పంపేది. ఎందుకంత తొందరని కంపెనీవాళ్లు అడిగితే, దీపం పెట్టే పొద్దుకు ఇంట్లో పెద్దావిడ బయటికి వెళ్లాలండీ, అని చెప్పేది.